డెబ్బై రెండో వంతు

గ్రిమ్స్‌బీలో నవంబరు.
నాలుగింటికే పొద్దు గూకుతుంది.
చేపల ఫ్యాక్టరీ ల్యాబులో పగలంతా
గాజు పళ్ళేల మీద సూక్ష్మజీవుల్ని లెక్కపెట్టి వచ్చి,
వాసన పోయేదాకా చేతులు కడుక్కుని,
మేడమీది చిన్నగదిలో దీపం వేసేదాన్ని.
ఇప్పుడు వెయ్యను.

బల్ల మీద ఒక ట్రాలర్.
అసలు ఓడలో డెబ్బై రెండో వంతు.
ఆ లెక్కన నేను
చిటికెనవేలి ఒక్క కణుపు ఎత్తు.
పద్నాలుగు నెలలుగా ఆ ఓడ
నీళ్ళు చూడకుండానే ఒడ్డున పడి ఉంది.
జిగురు సీసా మూత బిగుసుకుపోయింది.
బ్రష్షు ఏ రంగులో ఎండిందో
గోటితో గీకితే గానీ తెలియదు.
మంచం కింద పదిహేడు పెట్టెలు,
పైకాగితం కూడా విప్పనివి.
కొనడానికున్న హుషారు
కట్టడానికి లేకపోయింది.
"పట్టుచీరల్లా దాచిపెడతావా వీటిని?" అని
చక్రధర్ మొదట్లో వేళాకోళమాడేవాడు.
తర్వాత మానేశాడు.
ఆ మానెయ్యడమే గుచ్చుకుంది.

ఎక్కడ చెడిందో నాకు తెలుసు.
లింకన్‌లో ఓ బడి హాలు, పోటీ బల్లలు,
టార్చిలైటు పట్టుకుని ఒంగిన న్యాయనిర్ణేత.
"ఈ వరుసలో రివెట్లు ముప్పై ఒకటి ఉండాలి,
మీరు ఇరవై తొమ్మిదే పెట్టారు" అన్నాడు.
మర్యాదగానే అన్నాడు, పాపం.
ఆ రాత్రి నుంచి ఇంట్లోనూ లెక్కే.
పాత ఫోటోలు, భూతద్దం, నకళ్ళు,
రివెట్టు పక్కన రివెట్టు.
ఆట కాస్తా రెండో షిఫ్టయింది.
జీతం లేని షిఫ్టు.

ఆ రోజుల్లోనే చుక్కాని చక్రం పోయింది.
పట్టకారు జారి, ఒక్క ఎగురు ఎగిరి,
కార్పెట్ మింగేసింది.
చింతగింజంత చక్రం.
దాని బదులు మూడు చేశాను,
మూడింటినీ నేనే తిరగ్గొట్టాను.
దిక్కు తిప్పేది లేని ఓడ ముందు
ఎంతసేపని కూర్చుంటాం?

మొన్న ఆదివారం వాక్యూమ్ గొట్టంలో టక్కుమంది.
వార్తాపత్రిక పరిచి సంచి గుమ్మరించాను.
నా జుట్టు, బూడిదరంగు దూది,
పోపులో తప్పించుకున్న ఆవాలు నాలుగు,
వాటి మధ్య,
ఒక చువ్వ వంకరపోయి, అది.
కూర్చున్నచోటే నవ్వొచ్చింది.
ఎందుకో మరి, ఏడుపు కాదు.

వంకర సరిచెయ్యలేదు.
వేడినీళ్ళలో మూత వదులుచేసి
ఒకే ఒక్క చుక్క జిగురు పెట్టాను.
దీపం ఎప్పుడు వేశానో గుర్తులేదు.
రెండు రోజులకి ఓడ పక్కలకు
నల్లరంగు కూడా వేసేశాను,
రివెట్ల జోలికి పోకుండా.

పక్కింటి డౌస్ గారు పార్సిల్ ఇవ్వడానికొచ్చి
మెట్లెక్కి చూశారు.
పదహారేళ్ళప్పుడు ట్రాలర్ మీద కుర్రపని చేశారట.
ఆయనేమీ లెక్కపెట్టలేదు.
"ఇదిగో, సరిగ్గా ఇక్కడ నిలబడి
మొదటి రాత్రంతా కక్కుకున్నాను" అని
బొటనవేలు ఆనించారు.
రంగు ఆరలేదు.

"అయ్యయ్యో" అని ఆయన చెయ్యి లాక్కునేలోగా
నల్లటి పక్క మీద గుండ్రాలు గుండ్రాలుగా ముద్ర.
గరుకు కాగితం తీసి,
మళ్ళీ పెట్టేశాను.
ఆ కొలతలో చూస్తే
అది మనిషి కన్నా ఎత్తు,
ఒకదాని వెనక ఒకటి లేస్తున్న
అలల గుర్తు.

ఇంకా దీపస్తంభం ఉంది, వలలు ఉన్నాయి,
లంగరు గొలుసు ఇంకా విప్పనేలేదు.
అన్నం చల్లారిపోతోందని
చక్రధర్ కింద నుంచి మూడోసారి పిలుస్తున్నాడు.
గొంతులో విసుగు.
ఎన్నాళ్ళకి విన్నాను, ఆ విసుగు!
వస్తున్నా అంటాను.
కదలను.